అంబలి మంచిదే... మరి కాచేదెవరు?

ఈమధ్య ఏ పెళ్ళికెళ్ళినా, ఏ బస్సెక్కినా ఆడవాళ్ళ మాటలు చివరికి చోళ్ళ దగ్గరికొచ్చి ఆగుతున్నాయి. "మా ఆయనకి షుగరొచ్చింది, డాక్టరు అన్నం తగ్గించమన్నాడు", "మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, చోడి జావ తాగమన్నారు", "పిల్లకి రక్తం తక్కువట"... ఇలా. మా మాకవరపాలెం, నర్సీపట్నం వైపు చోళ్ళంటాం. తక్కిన రాష్ట్రం రాగులంటుంది. పేరేదైతేనేం, ఒకప్పుడు కూలికెళ్ళేవాళ్ళు ముంతతో తాగి వెళ్ళిన అంబలి ఇప్పుడు పట్నం దుకాణాల్లో రంగుల పొట్లాల్లోకి ఎక్కి, ఆరోగ్యం పేరుతో మంచి ధర పలుకుతోంది.

మంచి తిండే, కాదనేదెవరు? వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే మిల్లు బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక అందరికీ ఈ సంగతి ఇంకా బాగా తెలిసింది. కానీ "మన పాత తిండికి మళ్ళీ వెళ్దాం" అని ఎవరైనా మైకు పట్టుకున్నప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. పాత తిండి సరే, దానితోపాటు వచ్చే పాత చాకిరీ ఎవరి నెత్తిన పెడదామని?

చోళ్ళు వండుకోవడం బియ్యం కడిగి కుక్కర్లో పడేసినంత తేలిక కాదు. చేటలో చెరగాలి, రాళ్ళు ఏరాలి, కడిగి ఎండబెట్టాలి. మొలక కట్టాలంటే రాత్రి నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకొచ్చాక మళ్ళీ ఎండలో ఆరబెట్టి, దోరగా వేయించి పిండి ఆడించాలి. ఇప్పుడు మరలున్నాయి గానీ మా అమ్మమ్మల కాలంలో తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చుంటేనే ఇంట్లో పిండి. తర్వాత ఆ పిండిని నీళ్ళలో కలిపి పులవబెట్టాలి. మర్నాడు నూకలు ఉడికించి, అందులో పిండినీళ్ళు పోసి, అడుగంటకుండా తిప్పుతూ నిలబడాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తాగడానికి అయిదు నిమిషాలు. అది గిన్నెలోకి రావడానికి ఒక మనిషి ఎన్ని గంటలు వంగి పనిచేసిందో ఏ పొట్లం మీదా రాయరు.

ఆడవాళ్ళు సంప్రదాయ వంటలు మర్చిపోయారని నిష్ఠూరమాడేవాళ్ళు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తిండిని మన ఊళ్ళు గౌరవంగా చూడలేదు. మా వీధిలో డెబ్బై దాటిన ఒకామె ఉంది. అంబలి మాటెత్తితే చాలు, "మా సిన్నప్పుడు బియ్యం కూడు పండక్కేనమ్మా. పనికెళ్తే అంబలి పోసీవోరు. ఇప్పుడు పెద్దోళ్ళు తాగుతన్రని మళ్ళీ మమ్మల్ని తాగమంటే ఎలాగమ్మా?" అంటుంది. ఆ ప్రశ్నకి పోషకాహార నిపుణులెవరైనా జవాబు చెప్పగలరా? 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చినప్పుడు కూలివాళ్ళ ఇళ్ళల్లో ఆకలి తీరడమే కాదు, రోజూ తెల్లన్నం తినే మర్యాద కూడా దక్కింది. మెట్ట చేలల్లో చోళ్ళు, గంట్లు తగ్గుతూ రావడానికి అది ఒక కారణమే కావచ్చు. అంతమాత్రాన ఆ బియ్యాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

బియ్యంలో అసలు చిక్కు తెలుపుతోనే ఉంది. ఇది మన కోస్తాకి కొత్త పాఠం కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్ళు వాచి, తిమ్మిరెక్కి, గుండె నీరసించి మనుషులు పోయేవారు. దేశం మొత్తంమీద ఆ జబ్బు ముఖ్యంగా కనిపించింది మన వైపే. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో డబ్ల్యూ.ఆర్. ఐక్రాయిడ్ బృందం ఈ బియ్యం సమస్య మీద పనిచేసి 1940లో నివేదిక ప్రచురించింది. మనవాళ్ళు పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి, బాగా కడిగి, వార్చిన గంజి పారబోసి తినేవారు. తవుడుతో కొంత, కడుగునీళ్ళతో కొంత, గంజితో కొంత... ఉన్న బి విటమినంతా ఇలా పోయేది. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు చాలావరకు బతికిపోయారు. వడ్లని ముందే ఉడకబెట్టడం వల్ల విటమిను గింజలోకి ఇంకిపోతుంది మరి. అదే కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. ఇప్పుడు మనం జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దాన్నే.

ఇంతా జరిగాక కూడా మనకి బియ్యం మల్లెపువ్వులా ఉంటేనే ఇష్టం. ముందు మరలో సారం తీసేస్తాం. తర్వాత ప్రభుత్వం ఆ బియ్యంలోనే ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపిన గింజలు చేర్చి రేషన్లో ఇస్తూ వచ్చింది. ఆ గింజలు కొంచెం తేడాగా కనిపిస్తాయి, కడిగితే కొన్ని తేలతాయి. "ప్లాస్టిక్ బియ్యం కలిపేశారు" అన్న పుకారు నమ్మి, ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్క గింజే ఏరి పారేసిన ఇల్లాళ్ళు ఎంతమందో! అది ప్లాస్టిక్ కాదమ్మా, బియ్యప్పిండిలో పోషకాలు కలిపి గింజలా చేసింది. ఇంటింటికీ బియ్యం చేరవేసిన వాళ్ళు ఆ రెండు ముక్కలూ కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక అసలు సంగతికొస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తంమీద చూస్తే ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 25 శాతం. నెలసరి, కాన్పులు కారణాలే, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో పొయ్యి ఒకటే, గిన్నె ఒకటే కదా! ఆ గిన్నెలోంచి ఎవరి కంచంలోకి ఏం వెళుతోందో ఒక్కసారి చూడండి. ముందు మగవాళ్ళు, పిల్లలు, మావగారు. కోడిగుడ్లు నాలుగుంటే ఆ నాలుగూ అక్కడే చెల్లు. చేపల పులుసులో ముక్కలు వాళ్ళకి, పులుసు మనకి. చివర్లో గిన్నె అడుగునున్న కూరలో ఇంత అన్నం కలుపుకుని, సరిపోకపోతే ఆవకాయ వేసుకుని, "నాకదే ఇష్టం" అనుకుంటూ తినేస్తాం. ఆ ఇష్టం ఎలా పుట్టిందో ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

ప్రభుత్వానికి కూడా ఈ గుట్టు తెలుసు. 2013లో ఇందిరమ్మ అమృత హస్తం పథకం పెట్టినప్పుడు గర్భిణులనీ, బాలింతలనీ అంగన్‌వాడీకి రప్పించి, అక్కడే కూర్చోబెట్టి భోజనం పెట్టారు. గుడ్డు ఇంటికిస్తే అది ఎవరి కంచంలో తేలుతుందో మనందరికీ తెలిసిందే కదా. ఒక పూట ఒక గుడ్డు ఒక ఆడమనిషి నోట్లోకి వెళ్ళాలంటే, ఆవిణ్ణి ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది!

మా వైపు చెరకు తోటల్లోకో, జీడిపిక్కల పనికో వెళ్ళేవాళ్ళని చూస్తుంటాను. పొద్దున్న ఇంట్లో అందరికీ వండి, డబ్బాలు కట్టి, తాము మాత్రం గ్లాసుడు టీ, రెండు బిస్కట్లతో ఆటో ఎక్కేస్తారు. పదకొండింటికి మళ్ళీ టీ. అన్నం తినీ తినగానే ఇంకో టీ. తిండిలో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. అందుకే జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దన్నారు. ఈ మార్పుకి పైసా ఖర్చు లేదు. ఆకుకూర మీద నిమ్మచెక్క పిండుకోవడం కూడా అంతే, పులుపు ఇనుముని పట్టిస్తుంది.

అవే మార్గదర్శకాల్లో ఇంకో మాట నాకు బాగా నచ్చింది. రోజు మొత్తంలో మనకందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదన్నారు. ఆ ధాన్యాల్లో బియ్యమే కాదు, చిరుధాన్యాలూ ఉన్నాయి. అంటే కంచం నిండా అన్నం మానేసి కంచం నిండా కొర్రలు పెట్టుకుంటే కథ మారలేదన్నమాట. పక్కన పప్పు పెరగాలి, కూర పెరగాలి. గరిటెడు కూరతో గంపెడన్నం తినే మన అలవాటు తిరగబడాలి. కొర్రలు, అండుకొర్రల పేరుతో వందలు పోయలేనివాళ్ళు నొచ్చుకోనక్కర్లేదు. ఉలవలున్నాయి, పెరట్లో మునగాకుంది, తోటకూర ఉంది. మెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం వాటిలోనూ బోలెడు. నువ్వుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పప్పు ధరే గుండెలదరగొడుతోంది. రేషను షాపులో బియ్యం దొరికినంత నిలకడగా పప్పు కూడా దొరికితే, రక్తహీనత మీద పెట్టే సభలు సగం తగ్గించుకోవచ్చని నా అభిప్రాయం.

షుగరున్న వాళ్ళకి ఒక మాట. చోడి జావ అనగానే లోటాలకి లోటాలు పట్టించేవాళ్ళున్నారు. మెత్తటి పిండిని పలచగా కాస్తే రక్తంలో చక్కెర త్వరగానే పెరుగుతుంది. అందులో పంచదార బదులు బెల్లం వేశాం కదా అని ధైర్యపడితే ఇంకా ముప్పు. అనకాపల్లి బెల్లం మన గొప్పే, కానీ బెల్లమూ తీపే! జావ కన్నా చోడి రొట్టె, పక్కన కూర నయం. ఎంత తినాలో మీ డాక్టరుని అడగండి. బెల్లం కొనేటప్పుడు పచ్చగా, బంగారంలా మెరిసేదాని కోసం చూడకండి. మనం ఆ రంగు కోరబట్టే వంటశాలల్లో హైడ్రోస్ కలుపుతున్నారు. ముదురు రంగు బెల్లం చూడ్డానికి బాగోకపోయినా తినడానికి మంచిది.

పిల్లల చిరుతిళ్ళ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తవదంటారు కొందరు. అయిదు రూపాయల చిప్స్ పొట్లం చెడ్డదని ప్రతి తల్లికీ తెలుసు. సాయంత్రం ఆరింటికి పొలం నుంచి వచ్చి, నీళ్ళు పట్టుకుని, పొయ్యి వెలిగించేలోపు పిల్లాడు కొంగు పట్టుకుని ఏడిస్తే చేతికి దొరికేది ఆ పొట్లమే. ఆమెకి ఉపన్యాసం కాదు కావాల్సింది, అరగంట తీరిక. వేరుశనగలు వేయించి డబ్బాలో పోసి ఉంచడం నాన్నకి చేతకాని పనా? చోళ్ళు మరకి పట్టుకెళ్ళి ఆడించుకురావడం, ఆదివారం ఆకుకూర ఒలవడం?

2023 మార్చి నుంచి మన సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు పిల్లలకి రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట్లో ముఖం చిట్లించిన పిల్లలు కూడా క్రమంగా అలవాటు పడ్డారని మా ఊరి తల్లులంటారు. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకే గ్లాసు, ఒకే కొలత. ఇంటికొచ్చాక కూడా అదే కొలత ఉండాలంటే పెద్ద పథకాలేం అక్కర్లేదు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒకేసారి కూర్చోండి. గుడ్లు నాలుగే ఉండి మనుషులు అయిదుగురైతే ఇగురు పెట్టి పంచండి. కోడలి వంతు ముందే తీసి పక్కన పెట్టే అత్తగార్లు మా వీధిలో ఇద్దరున్నారు. అలాంటివాళ్ళు ఇంకా పెరగాలి.

ఇంక అంబలి సంగతి. రాత్రి పడుకోబోయే ముందు నాలుగు చెంచాల చోడిపిండి నీళ్ళలో కలిపి మూత పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. పొద్దున్నే లేచి టీ పెట్టుకునే మగవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళల్లో బాగానే ఉన్నారు. ఆ స్టవ్వు మీదే రెండో పక్క గుప్పెడు నూకలు ఉడకబెట్టి, పిండినీళ్ళు పోసి, పావుగంట గరిటె తిప్పితే సరి. మొదటి రెండు రోజులూ ఉండలు కడుతుంది. కట్టనివ్వండి, గరిటె మాత్రం మీరందుకోకండి.