జీతం లేని వేసవి

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాడు, నేను పప్పు తాలింపు వేసి దించేదాకా పెట్టడు. మొన్న వారం సంతోషంగా ఉన్నాడు. రెండేళ్ల క్రితం మా మేనకోడలు డిగ్రీలో ఉండగా, మెదడు మీద పరిశోధన నేర్పే శిక్షణ ఒకటి చూసిందట. నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు, అక్కడి ఆదివాసీలు, పేదింటి వాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు... వీళ్ల కోసం పెట్టిన శిక్షణలు అవి. మనవాళ్లు ఆ లెక్కలోకి రారు. 2025లో అక్కడి ప్రభుత్వం వైవిధ్యం పేరున్న గ్రాంట్లు చాలా రద్దు చేసింది కదా, "పీడ పోయింది, తెలివి ఉన్నవాడు ఎలాగైనా పైకొస్తాడు" అన్నాడు అన్నయ్య.

ఆ మాట నాకు మింగుడుపడలేదు.

ఇలాంటి వాటిలో బాగా పేరున్నది ఎండ్యూర్. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2010లో మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో హంటర్ కాలేజీ పిల్లలు ఎన్‌వైయూ ల్యాబుల్లోకి వెళ్లేవారు. ప్యూర్టో రికోలోనూ ఒకటి ఉండేది. కాలేజీ జరిగేటప్పుడు ల్యాబ్ పని, వేసవిలో పూర్తిగా పరిశోధన, పెద్ద సమావేశంలో తమ పని చూపించడం. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించింది స్టైపెండ్.

ఎందుకంటే మేనకోడలు తర్వాత విడిగా ఫోన్ చేసి చెప్పింది. "అత్తా, నాకు అది రాలేదని నాన్న బాధ. కానీ ఆ వేసవి నేను వేరే ల్యాబ్‌లో ఊరికే పనిచేశాను. తిండి అమ్మ పెట్టింది, కారు నాన్న ఇచ్చాడు. ఆ ప్రొఫెసర్ కూడా నాన్న ఫ్రెండ్‌కి తెలిసినాయనే. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయికి నాకంటే మార్కులు ఎక్కువ. తను సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టింది, ఇంటి అద్దె కట్టాలని."

పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు ల్యాబ్‌లో పనిచేశావా అని చూస్తారు. ఎవరు చేసినట్టు, ఎవరు చేయనట్టు? ఇద్దరి తెలివీ కాగితం మీద ఒకేలా కనబడదు.

నా సంగతే చెప్తాను. బీఏ రెండో సంవత్సరం సెలవుల్లో మా తెలుగు మేడం జానపద పాటలు సేకరించడానికి ఊళ్లు తిరుగుదాం రమ్మంది. బస్సు చార్జీలు మనవే. మా నాన్న వద్దనలేదు, జేబు తడుముకున్నాడంతే. నేనే "వద్దులే నాన్నా, ఎండలు" అన్నాను. దీన్ని తెలివి తక్కువ అంటారా?

ఇంకో సంగతి. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలో ఎలక్ట్రోడ్ నెత్తి చర్మానికి ఆనాలి. ఒత్తుగా ఉంగరాలు తిరిగిన నల్లవాళ్ల జుట్టులో అది సరిగా ఆనదు. దాంతో చాలా అధ్యయనాల్లో వాళ్లను వదిలేసేవారు. కార్నెగీ మెలన్‌లో చదువుకుంటూ ఆర్నెల్ ఎటియెన్ అనే అమ్మాయి, పుల్కిత్ గ్రోవర్ ల్యాబ్‌లో, దీనికి దారి కనిపెట్టింది. తలకు అంటిపెట్టుకునేలా సన్న జడలు అల్లి, ఆ పాయల కింద ఇరుక్కునే క్లిప్పులు చేసింది. వాటికి హైతీ భాషలో మెదడు అనే అర్థమిచ్చే పేరు, సెవో అని పెట్టింది. ఆమె ఎండ్యూర్ విద్యార్థిని అని నేననడం లేదు. జడ వేసుకోవడం తెలిసిన మనిషి ల్యాబ్‌లో ఉండబట్టే ఆ ఆలోచన వచ్చింది అంటున్నాను. రోజూ పిల్లకి జడ వేసే ఆడవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు.

అన్నయ్య మాటలో న్యాయం అసలు లేదనను. రాత్రంతా టాక్సీ నడిపే మనవాళ్లూ అక్కడ ఉన్నారు, వాళ్ల పిల్లలకీ దారి కావాలి. పేదింటి పిల్లలని విడిగా చూడడమే అందుకు. దాన్ని పెంచమని అడగొచ్చు. ఉన్నది తీసేస్తే టాక్సీవాడి కూతురికి ఏం ఒరిగింది?

ఈ ఆదివారం అదే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నీ కోడలు నీకు ఫోన్ చేసిందా?" అన్నాడు. చేసిందన్నాను. "సరేలే, పప్పు మాడుతుంది చూసుకో" అని పెట్టేశాడు. వాళ్ల నాన్నతో ఆ క్లాస్‌మేట్ సంగతి తనే చెప్పమని మేనకోడలికి మెసేజ్ పెట్టాను.