ఫోన్‌లో హెచ్ ఎందుకు?

ఇంగ్లీషు స్పెల్లింగులు మన పిల్లలకు ఇప్పటికీ బట్టీ చదువే. ‘ఎఫ్’ ఉండగా ఫోన్‌కు ‘పి’, ‘హెచ్’ ఎందుకని అడిగిన పిల్లవాడికి “అదంతే, గుర్తుపెట్టుకో” అన్న జవాబే దొరుకుతుంది. ఇది చాలా అన్యాయం. ఎందుకంటే అసలు జవాబు వాడు ఒకటో తరగతిలో దిద్దిన అక్షరాల్లోనే ఉంది.

ప్రాచీన గ్రీకులో ఫై, థీటా, ఖై అని మూడు అక్షరాలు. వాటిని మన ఫ, థ, ఖల లాగే ఊపిరి ఒత్తి పలికేవారు. లాటిన్‌లో ఒత్తు హల్లులు లేవు. అందుకే గ్రీకు మాటలు తెచ్చుకున్న రోమన్లు తమ పి, టి, సిల పక్కన హెచ్ చేర్చి రాసుకున్నారు. ఫోటో, థియేటర్, కోరస్, క్యారెక్టర్‌లలో ఇప్పటికీ కనిపించే హెచ్ ఆ ఒత్తే. గ్రీకులో ‘ఫోనే’ అంటే స్వరం. ఫోన్ అందులోంచే పుట్టింది.

క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకుల నోట ఆ ‘ఫ’ మెత్తబడి ‘ఎఫ్’ శబ్దమైంది. మనకూ అదే జరుగుతోంది. ‘ఫలం’లో మొదటి అక్షరాన్ని పెదవులు రెండూ కలిపి పలికేవాళ్లు ఇవాళ ఎందరున్నారు?

స్కూలు సంగతి ఇంకా బాగుంటుంది. గ్రీకులో ‘స్ఖొలే’ అంటే తీరిక. తీరిక దొరికితేనే చర్చ, చదువు. లాటిన్ మీదుగా వచ్చిన ఈ మాటను మధ్యయుగపు ఇంగ్లీషులో హెచ్ లేకుండానే రాసేవారు. పునరుజ్జీవన కాలంలో లాటిన్ మీది మమకారంతో దాన్ని మళ్లీ చేర్చారు. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో పలకని ‘బి’ కూడా లాటిన్ ‘డెబితుం’ గుర్తుండాలని పెట్టిందే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది లేదు. ‘ఐలాండ్’లో ‘ఎస్’ మాత్రం శుద్ధ పొరపాటు. అది అచ్చ ఇంగ్లీషు మాట. లాటిన్ ‘ఇన్సులా’ నుంచి వచ్చిన ‘ఐల్’తో ముడిపెట్టి అందులోనూ ‘ఎస్’ దూర్చారు. నాలుగు శతాబ్దాలు దాటినా ఆ తప్పును పిల్లలు ఒప్పుగా రాస్తూనే ఉన్నారు.

ఇదంతా చెప్పడానికి పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ చాలు. ఒక పక్క ఖ, థ, ఫ. ఎదురుగా కోరస్, థియేటర్, ఫోటో. అరచేయి నోటి ముందు పెట్టుకుని, పెదవులు కలిపి ప, ఫ పలకమంటే రెండోదానికి ఊపిరి బలంగా తగలడం పిల్లలకే తెలుస్తుంది. ఇంగ్లీషు వాచకాలు రాసేవారు వచ్చే ముద్రణలోనైనా ఆ పేజీకి చోటివ్వాలని కోరుతున్నాం.