చేర్చుకుంటామంటున్నారు, ఎక్కడికి?

ఏటా జనవరి 25 సాయంత్రం, ఆగస్టు 14 సాయంత్రం రాష్ట్రపతి జాతినుద్దేశించి మాట్లాడతారు. మర్నాడు మన బడుల్లో జెండా కింద ఆ మాటలే మళ్లీ వినిపిస్తాయి. సమ్మిళిత అభివృద్ధి. అణగారిన వర్గాలు. ప్రధాన స్రవంతి. చప్పట్లు కొట్టేస్తాం. ఆ మాటల అర్థం మాత్రం అడగం.

గుమ్మఘట్టలో నిలబడి 'ప్రధాన స్రవంతి' అనే మాట వినండి. స్రవంతి అంటే ఏరు. మన ఏరు వేదవతి. భైరవానితిప్ప దగ్గర దానికి కట్ట కట్టారు. పైనుంచి నీళ్లు రాక రిజర్వాయరు నిండని ఏళ్లే ఎక్కువ. ఏరే పారని చోట ఉన్నవాణ్ణి 'వచ్చి ప్రవాహంలో కలువు' అంటే, కలవకపోవడం వాడి తప్పే అన్నట్టు కదా!

'అణగారిన' అంటారు. అణచింది ఎవరో చెప్పరు. 'వెనుకబడిన' అంటారు. వెనక్కి నెట్టింది ఎవరో చెప్పరు. 'చేర్చుకుంటాం' అనేవాడు ఇంటి యజమాని, మనం గుమ్మం బయట నిలబడ్డ చుట్టాలం. ఈ నేల మీద మనకంటే ముందు ఆ ఇల్లు ఉందా?

రాష్ట్రపతులంతా ఇలాగే మాట్లాడారని అనను. 2001 రిపబ్లిక్ దినోత్సవం ముందురోజు కె.ఆర్. నారాయణన్ అడవుల్లో గనుల తవ్వకం గిరిజనుల బతుకును కూల్చేస్తోందని సూటిగా చెప్పారు. 2022 నవంబరు 26న ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు పెద్దల ముందే, చిన్న చిన్న నేరాలకు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గే పేదల గురించి అడిగారు. అక్కడ గని ఉంది, జైలు ఉంది, జవాబు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. నిజమైన మాటకు అదే గుర్తు.

అయినా మన బతుకును మార్చేది రాష్ట్రపతి గొంతు కాదు, రాష్ట్రపతి సంతకం. 342వ అధికరణం కింద షెడ్యూల్డు తెగల తొలి జాబితాలు వెలువడింది రాష్ట్రపతి ఉత్తర్వుతోనే. దాన్ని మార్చాలంటే పార్లమెంటు చట్టం కావాలి. ఇక్కడ సుగాలి ఎస్టీ. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే మనిషి, అదే గోర్‌బోలి, కానీ లంబాణీగా ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. ఏ ప్రసంగమూ చేయలేని పని ఒక జాబితా చేసింది.

అయిదో షెడ్యూలు ప్రకారం ఏది షెడ్యూల్డు ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతే. అనంతపురం తండాలు అందులో లేవు. అందుకే ఏజెన్సీలో గిరిజనుల భూమికి కాపలా కాసే 1/70 చట్టం మనకు వర్తించదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారం మన తండాకు లేదు. కాగితం మీద ఎస్టీలం, భూమి విషయంలో ఎవరికీ కాని వాళ్లం.

టీచర్లు ముఖ్యంగా 350ఎ అధికరణం చదవాలి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని, అందుకు రాష్ట్రపతి ఆదేశాలివ్వవచ్చని అందులో ఉంది. 1956 నుంచీ ఉంది. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులోకి ఎక్కింది. సంతోషం. సంతాల్ ఆడబిడ్డ రాష్ట్రపతి కావడం మనందరికీ గర్వం. గోర్‌బోలి మాత్రం నేటికీ చాలాచోట్ల బడి గేటు బయటే ఆగిపోతోంది. తెలుగు రాని తండా పిల్లను మనమే 'మొద్దు' అంటున్నాం.

'రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే నడవాలి కదా' అంటారు. నిజమే, 74వ అధికరణం అదే చెబుతోంది. అయితే అడగాల్సింది మంత్రివర్గాన్ని. సంతకానికి సలహా అడ్డమైతే, ప్రసంగాన్ని మాత్రం మనకు కానుకలా చూపించవద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే జనవరి 26న ప్రసంగాన్ని తరగతిలో చదివించండి. ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని చేసేది ఎవరు? ఏ అధికరణం కింద? ఎప్పటిలోగా? మూడింటికీ జవాబు లేని వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయండి. మిగిలినవి ఎన్నో లెక్కపెట్టి, తండా పెద్దలకు గోర్‌బోలిలో వినిపించండి.

మనల్ని చేర్చుకోమని ఎవరినీ బతిమాలవద్దు. రాజ్యాంగంలో ఇప్పటికే రాసి ఉన్నదాన్ని అమలు చేయమని అడుగుదాం.