సమరయుడు తన ప్రయాణం మానుకోలేదు



గత నెలలో ఒక సహోదరుడు నాకు ఉత్తరం వ్రాశాడు. ఆయన ట్రాక్టరు డ్రైవరు. రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు. "అయ్యగారూ, జిల్లా కేంద్రంలో ప్రథమ చికిత్స నేర్పి స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకుంటున్నారు. నాకు చేరాలని ఉంది. అయితే తెల్లవారుజామున పోతే చీకటి పడ్డాకే ఇంటికి వస్తాను. ఇప్పటికే మా ఆవిడ, మీకు ఇంటి ధ్యాస లేదంటోంది. ఊరికి సేవ చేస్తానని ఇల్లు విడిచిపెట్టడం న్యాయమా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పేముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్ని సంవత్సరాల క్రిందట మా సంఘములో కోత పండుగ జరిగింది. ఆరాధన ముగిసింది. గుడి వెనుక ప్రేమవిందుకు వంట జరుగుతోంది. గంజి వారుస్తుండగా గిన్నె జారి, మరిగే గంజి ఒక సహోదరి ముంజేతి మీద పడింది. అందరూ నా వైపు చూశారు. పాస్టరును గదా, ఏదో ఒకటి చేయాలి. ఇంట్లోకి పరుగెత్తి టూత్ పేస్టు తెచ్చి, నా చేతులతోనే ఆమె చేతికంతా పూశాను. ప్రార్థన చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ నర్సమ్మగారు ఎండిపోయిన ఆ పేస్టును కొంచెం కొంచెంగా తీస్తుంటే ఆ సహోదరి పడిన బాధ నేను మరచిపోలేను. "కాలినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ నొప్పిగా ఉంది అయ్యగారూ" అన్నది. నర్సమ్మగారు నన్ను ఒక్క మాటే అడిగారు: "దగ్గరలో నీళ్లు లేవా అండీ?" ఉన్నాయి. పది అడుగుల దూరంలో చేతిపంపు ఉంది. కాలిన చేతి మీద ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తెస్తే చాలునట. ఆ దినము నాలో ప్రేమ ఉంది గాని తెలివి లేదు. తెలివి లేని ప్రేమ ఆ సహోదరిని రెండుసార్లు బాధపెట్టింది.

నేర్చుకుందామని నిర్ణయించుకొని ఇంటికి వచ్చి చెప్పాను. నా భార్య సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అన్నది: "ఆదివారం మూడు ఊళ్ల ఆరాధనలు. శుక్రవారం ఉపవాస కూడిక. మిగిలిన రోజులు గృహ దర్శనాలు. ఏమండీ, పిల్లల ఫీజు ఏ తేదీన కట్టాలో మీకు తెలుసా?" నాకు తెలియదు. ఆ రాత్రి మా యింట్లో పెద్దగా మాటలు లేవు.

ఆ రోజుల్లోనే మంచి సమరయుని కథ మరలా చదివాను. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. అయితే అందులో నేను గమనించని సంగతి ఒకటి ఉంది. ఆ సమరయుడు ఖాళీగా ఉన్నవాడు కాడు. తన పని మీద ప్రయాణమై పోతున్నవాడు. దారిలో పడియున్న మనిషిని చూచి ఆగాడు. తన దగ్గర ఉన్న నూనె, ద్రాక్షారసము పోసి గాయాలు కట్టాడు. తన వాహనము మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి చూచుకున్నాడు. మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఆ మనిషిని పూటకూళ్లవానికి అప్పగించి తన దారిన వెళ్లాడు. అతడు తన ప్రయాణం మానుకోలేదు. గాయపడినవాణ్ణి విడిచిపెట్టనూ లేదు. ప్రథమ చికిత్స అంటే సరిగ్గా ఇదే. మొదటి సహాయము మనది. తరువాతి సహాయము డాక్టరుది. ఆ రెంటి నడుమ ఉండే కొద్ది నిమిషాలే మనకు అప్పగించబడిన భాగము.

రెడ్ క్రాస్ కూడా పని మీద వెళ్తున్న ఒక మనిషితోనే మొదలయింది. హెన్రీ డ్యూనాంట్ జెనీవా పట్టణస్థుడు. అక్కడ 1852లో వై.ఎం.సి.ఎ. స్థాపించిన యౌవనస్థులలో ఒకడు. అతడు డాక్టరు కాడు, వ్యాపారి. అల్జీరియాలోని తన వ్యాపార విషయమై ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్‌ను కలవాలని 1859 జూన్‌లో ఇటలీ వెళ్లాడు. 24వ తేదీన సోల్ఫెరినో దగ్గర ఘోర యుద్ధము జరిగింది. గాయపడినవారిని దగ్గరి ఊరి గుడిలోను వీధులలోను పడుకోబెట్టారు. డ్యూనాంట్ తన పని ప్రక్కన పెట్టి, ఆ ఊరి స్త్రీలను కూర్చుకొని, ఏ దేశపు సైనికుడని చూడకుండా నీళ్లు ఇచ్చి గాయాలు కడిగి కట్లు కట్టాడు. 1863లో జెనీవాలో అతనితో కలిసి ఐదుగురు కూడుకొనగా రెడ్ క్రాస్ ఆరంభమయింది. 1901లో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని పంచుకున్న ఇద్దరిలో అతడొకడు.

అయితే రెండవ ప్రక్క కూడా చెప్పాలి. డ్యూనాంట్ తన వ్యాపారమును సరిగా చూచుకోలేకపోయాడు. 1867లో దివాలా తీసి, అనేక సంవత్సరాలు బీదరికములో గడిపాడు. లోకమునకు అతని వలన గొప్ప మేలు కలిగింది, నిజమే. కాని భార్యాబిడ్డలున్న ప్రతి మనిషికీ ఆ పిలుపు లేదు. మనలో చాలామందికి ఉన్నది సమరయుని పిలుపే. ఆగాలి, కట్టు కట్టాలి, అప్పగించాలి, మన పనికి మనం వెళ్లాలి.

సహోదరుడా, మీరు అక్కడ నేర్చుకునేది మీ ఊరికి ఎంత అవసరమో చూడండి. మన పొలాలలో పాము కరిస్తే ఏం చేస్తున్నారు? తాడుతో బిగించి కడతారు, బ్లేడుతో కోస్తారు, నోటితో పీలుస్తారు, మంత్రగాని దగ్గరకు తీసుకుపోతారు. ఇవన్నీ హాని చేసేవే. కరిచిన కాలు కదలనీయకుండా ధైర్యం చెప్పి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చడమే సహాయం. పురుగుల మందు లోపలికి పోతే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయిస్తారు. అది చేయకూడదు. మందు డబ్బాను కూడా వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళాలు పెట్టడం వలన ప్రయోజనం లేదు. దెబ్బ తగలకుండా చూచి, ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మోటారు దగ్గర కరెంటు పట్టుకున్నవాణ్ణి ముట్టుకోక ముందే కరెంటు ఆపాలి. ఊపిరి, గుండె ఆగినవాని రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కాలి. ఇది చదివితే వచ్చేది కాదు. బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. అందుకే శిక్షణ.

1920లో చట్టము ద్వారా ఏర్పడిన ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు మన దేశములో ఈ శిక్షణ ఇస్తున్నాయి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో మొదలయింది. అయితే అది పొలం గట్టు దాకా రావడానికి పట్టే సమయములో ప్రక్కన ఉండేది మనమే. పోలీసు కేసు భయము కూడా వద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, రోడ్డు ప్రమాదములో సహాయపడినవారికి రక్షణ కల్పించాయి. పేరు చెప్పమని వారిని బలవంతం చేయకూడదు.

ఇక మీ యింటి సంగతి. ఫారము మీద సంతకం పెట్టక ముందు మీ భార్యను అడగండి. ఒప్పించడానికి కాదు, ఆమె మాట వినడానికి అడగండి. ఇప్పుడు మీరు ఇంట్లో చేయని పని ఏదో ఆమె చెబుతుంది. ముందు దానిని సరిదిద్దండి. నేను ఆ నెల నుండి పిల్లల ఫీజు నా చేతితోనే కడుతున్నాను. తరువాత సంస్థవారితో మీరు ఇవ్వగల గంటలే చెప్పండి. నెలకు ఒక పూట చాలు. నాట్లు, కోతల కాలములో రాలేనని ముందే చెప్పండి. అన్నిటికీ ఒప్పుకొని రానివానికన్నా, కొద్దిగా ఒప్పుకొని వచ్చేవాడే వారికి మేలు. మీరు ఒక్కరే వెళ్లక, సంఘములో మరి నలుగురిని పిలవండి. భారము పంచుకోబడుతుంది.

మా యింట్లో అలాగే ఒప్పందం చేసుకున్నాం. మొదట నేను నేర్చుకున్నాను. తరువాతి శిక్షణకు నేను పిల్లలను చూచుకొని ఆమెను పంపించాను.

ఒక సంక్రాంతి సెలవుల్లో మా చిన్నవాడు రేగుపండు తింటుండగా గింజ గొంతుకు అడ్డుపడింది. ఊపిరి ఆడలేదు, మాట రాలేదు. నేను ప్రక్క ఊరి కూడికలో ఉన్నాను. నా భార్య కేకలు వేయలేదు. గొంతులో వేలు పెట్టలేదు. వాణ్ణి ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా చరిచింది. నాలుగవ దెబ్బకు గింజ బయటపడింది. నేను వచ్చేసరికి వాడు ఆమె ఒడిలో నిద్రపోతున్నాడు. ఆమె ఆ గింజను గూటిలో పెట్టి నాకు చూపించింది.

ఆ రాత్రి నేను ఇంట్లో లేను. అయినా నా యింటికి సహాయము లేకపోలేదు. సహోదరుడా, ఊరి కోసం నేర్చుకున్నది మొదట మన గడపలోనే అక్కరకు రావచ్చు. ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రభువు మీ యింటిని, మీ చేతులను ఆశీర్వదించును గాక.