మెడలో వేసుకున్న పియానో

రెజ్యుమె చివర్లో ఒక చిన్న గడి ఉంటుంది. 'హాబీలు'. అందులో మీరేం రాశారు?

పాటలు వినడం, క్రికెట్ చూడటం, పుస్తకాలు చదవడం... అంతేనా? ఇంటర్వ్యూ బల్లకి ఇవతలి పక్క కొన్నేళ్లుగా కూర్చుంటున్నవాణ్ని. దాదాపు అందరి రెజ్యుమెల్లోనూ ఇవే మూడు కనిపిస్తాయి. ఆ మధ్య ఒక అమ్మాయిని అడిగాను. "పాటలు వింటానని రాశారు కదా, ఎవరి పాటలు వింటారు?" తడబడింది. "అన్నీ వింటాను సర్" అంది. కాసేపాగి, "నిజానికి నేను మా ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తాను సర్. ఉద్యోగానికి సంబంధం లేదు కదా అని రాయలేదు" అని నెమ్మదిగా చెప్పింది.

ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆ అమ్మాయి తడుముకోలేదు. పాడేవాళ్ల గొంతు అందుకోలేకపోతే అప్పటికప్పుడు శ్రుతి ఎలా మారుస్తుందో, పాట మధ్యలో కరెంటు పోతే చప్పట్లతో తాళం ఎలా నిలబెడతారో చెప్పింది. అంతకుముందు ఇరవై నిమిషాలు అడిగిన సబ్జెక్టు ప్రశ్నల్లో తెలియనిది ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది. అదేమిటంటే, ఇబ్బంది వచ్చినప్పుడు ఈ మనిషి ఎలా ఆలోచిస్తుంది అన్నది. మరి ఆమెకి ఉద్యోగం వచ్చిందా? చివర్లో చెబుతాను. ఈలోగా, ఆ రోజు ఇంటికెళ్లాక నేను పెట్టుకుని విన్న ఒక పాటగాడి గురించి మీకు చెప్పాలి.

గిరాకీ లేని విద్య

ఆయన పేరు డేవ్ వాన్ రాంక్. అమెరికా జానపద గాయకుడు. 1936లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు, 2002లో పోయారు. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. బాబ్ డిలాన్ పేరు మాత్రం వినే ఉంటారు, 2016లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న పాటగాడు. ఆ డిలాన్ 1961లో ఊరుగాని ఊరు న్యూయార్క్ వచ్చినప్పుడు, గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో కుర్ర పాటగాళ్లకి పెద్దన్నలా ఉన్నది వాన్ రాంకే. డిలాన్ చాలా రాత్రులు పడుకున్నది ఆయన ఇంట్లో సోఫా మీదే. అక్కడి కాఫీ హౌస్‌ల వీధి పేరు మెక్‌డూగల్ స్ట్రీట్. ఆ వీధికి ఈయన్ని 'మేయర్' అనేవారు. ఎన్నికా లేదు, జీతమూ లేదు. జనం అభిమానంతో ఇచ్చిన పదవి అది.

ఈయన హైస్కూలు మధ్యలోనే మానేశారు. (ఇది మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోకండి. బడి మానేసినా పుస్తకం మానలేదు, చివరిదాకా చదువుతూనే ఉన్నారు.) జాజ్ వాయించాలని కోరిక. అదీ పాతకాలపు జాజ్. తీరా చేతికి పని వచ్చేసరికి ఆ రకం జాజ్‌కి గిరాకీ పడిపోయింది. కొన్నాళ్లు సరుకు ఓడల్లో పనికి వెళ్లారు.

"నువ్వు నేర్చుకున్నదానికి ఇప్పుడు మార్కెట్ లేదు." ఈ మాట మీలో ఎంతమందికి కొత్త? బ్రాంచి తీసుకున్నప్పుడు ఒక లెక్క, నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చేసరికి ఇంకో లెక్క. సరిగ్గా అలాంటి చోటే నిలబడ్డారాయన. అప్పటికి జానపద గీతాలకి, బ్లూస్‌కి ఆదరణ పెరుగుతోంది. అటు వచ్చారు. 1959లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అయితే వచ్చేటప్పుడు జాజ్‌ని వదిలేసి రాలేదు. వెంట తెచ్చుకున్నారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

పది వేళ్ల పని నాలుగు వేళ్లతో

ఆయన వెంట తెచ్చుకున్నవాటిలో ఒకటి రాగ్‌టైమ్. పేరులో 'రాగ్' ఉందని మన రాగం అనుకునేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని నల్లజాతి సంగీతకారులు పియానో మీద పెంచి పెద్దచేసిన సంగీతమిది. స్కాట్ జాప్లిన్ స్వరపరచిన 'మేపుల్ లీఫ్ రాగ్' 1899లో అచ్చయింది. ఆయనదే 'ది ఎంటర్‌టైనర్', 1973లో వచ్చిన 'ది స్టింగ్' సినిమాతో ప్రపంచమంతా మళ్లీ మోగింది. ఒకసారి వెతికి వినండి, "అరే, ఇదా!" అంటారు.

రాగ్‌టైమ్ కిటుకంతా రెండు చేతుల మధ్య ఉంటుంది. ఎడమచెయ్యి గడియారంలా నడుస్తుంది. కింద ఒక బరువైన స్వరం, పైన ఒక స్వరాల గుత్తి, మళ్లీ కింద, మళ్లీ పైన. కుడిచెయ్యి అల్లరి పిల్లలాంటిది. దెబ్బ పడాల్సిన చోట పడదు, కాస్త ముందో కాస్త వెనకో పడుతుంది. వినేవాళ్ల కాలు తనంతట తానే కదిలేది అందుకే. ఎడమచెయ్యి నిలకడగా ఉన్నంతసేపే కుడిచేతి అల్లరి అందం. అది తప్పిందా, అంతా గందరగోళమే.

న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో పాడుతూ, ప్రసంగాలు చేస్తూ బతికిన రెవరెండ్ గ్యారీ డేవిస్ అనే అంధ గాయకుడు ఉండేవారు. గిటార్‌ని ఆయన 'మెడలో వేసుకున్న పియానో' అనేవారు. వాన్ రాంక్ ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆ మాటని నిజం చేసే పనికి దిగారు.

చెప్పినంత సులువా అది? పియానోకి 88 మెట్లు, వాయించేవాడికి పది వేళ్లు. గిటార్‌కి ఆరు తీగలు. ఒక చెయ్యి తీగలు నొక్కిపట్టడానికే సరిపోతుంది. మోగించడానికి మిగిలేది రెండో చేతి బొటనవేలు, ఇంకో రెండు మూడు వేళ్లు. పియానో ఎడమచెయ్యి చేసే పనంతా బొటనవేలికి అప్పగించాలి. కుడిచేతి అల్లరంతా మిగతా వేళ్లు చెయ్యాలి. పైగా 'మేపుల్ లీఫ్ రాగ్' ఉన్నది 'ఏ ఫ్లాట్' అనే శ్రుతిలో. పియానోకి హాయి, గిటార్‌కి తిప్పలు.

అన్నిటికీ మించి, చాలా స్వరాలు వదిలెయ్యాలి. ఏది వదిలినా పాట నిలబడుతుంది, ఏది వదిలితే కూలిపోతుంది? ఇది బట్టీ పడితే తెలిసేది కాదు. పాట లోపల ఏ దూలం ఏ బరువు మోస్తోందో తెలియాలి. వాన్ రాంక్ అలా విప్పి చూసి, 1904 నాటి 'సెయింట్ లూయిస్ టికిల్' అనే రాగ్‌ని 1960లలో గిటార్ మీద వాయించి రికార్డు చేశారు. 1976లో 'సండే స్ట్రీట్' ఆల్బమ్‌లో 'మేపుల్ లీఫ్ రాగ్'నీ వాయించారు. పియానో రాగ్‌లని గిటార్ వేళ్ల మీదికి తెచ్చిన తొలితరంలో ఆయన ఒకరు. మనకీ ఇలాంటివాడు ఒకడున్నాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. గమకం పలకదనుకున్న చిన్న వాయిద్యం మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాడు.

జానపద గాయకుడికి రాగ్‌టైమ్ ఎందుకు అని మీరడగొచ్చు. ఆయన పాటలు వినండి, జవాబు దొరుకుతుంది. గొంతు గరుకు. గర్జిస్తున్నట్టు ఉంటుంది, ఉన్నట్టుండి గుసగుసగా మారిపోతుంది. కింద గిటార్ ఊరికే తీగలు మీటుతూ కాలక్షేపం చెయ్యదు. పాటకి ఎదురు మాట్లాడుతుంది, ఆగాల్సిన చోట ఆగుతుంది. పాత పాటలకి కొత్త నడక వచ్చింది. రాగ్‌టైమ్ ఆయన రెజ్యుమెలో ఇంకో లైను కాలేదు. ఉన్న పనినే మార్చేసింది.

చేసిందొకరు, పేరొకరికి

అలా మారిన పాటల్లో ఒకటి 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్'. ఎవరు కట్టారో తెలియని పాత జానపదం. వాన్ రాంక్ దాని కింద మెట్లు దిగుతున్నట్టు సాగే బేస్ స్వరాలు పెట్టి కొత్తగా కూర్చారు. రికార్డు చేద్దామనుకుంటున్నారు. ఈలోగా డిలాన్ అదే కూర్పుతో తన మొదటి ఆల్బమ్‌లో పాడేశాడు. అనుమతి అడిగాడు, కానీ రికార్డింగ్ అయిపోయాక! 1962లో ఆ ఆల్బమ్ వచ్చాక జనం వాన్ రాంక్‌ని "ఆ డిలాన్ పాట పాడండి" అని అడగడం మొదలుపెట్టారు. తను కూర్చిన పాట తనే పాడటం మానుకోవాల్సి వచ్చింది. 1964లో ఇంగ్లండ్ బృందం 'ది యానిమల్స్' అదే పాటని ప్రపంచమంతా మోగించింది. ఈసారి డిలాన్‌ని "ఆ యానిమల్స్ పాట పాడు" అన్నారు. ఆయనా మానేశాడు.

వాన్ రాంక్ కోపగించుకున్నారు. మాటలు కూడా కొన్నాళ్లు ఆగాయి. కానీ జీవితమంతా ఆ కోపం మీద కూర్చోలేదు. స్నేహం మళ్లీ చిగురించింది, 2004లో వచ్చిన తన ఆత్మకథలో డిలాన్ ఆయన గురించి ఎంతో అభిమానంగా రాశాడు.

మీ ప్రాజెక్టుని పక్కవాడు తన పేరుతో పెట్టుకున్న రోజు రావచ్చు. మీరు రాసిన కోడ్‌కి టీమ్ లీడర్ చప్పట్లు అందుకునే రోజూ రావచ్చు. అడగాల్సినచోట గట్టిగా అడగండి, మెతగ్గా ఊరుకోమని నేను చెప్పను. కానీ ఒకటి గుర్తుంచుకోండి. తీసుకెళ్లినవాడు ఆ ఒక్క పాట తీసుకెళ్లాడు. అలాంటి పాటని కూర్చగల చెయ్యి ఇంకా మీ దగ్గరే ఉంది.

మరి డబ్బు సంగతి?

ఇక్కడ అబద్ధం చెప్పకూడదు. వాన్ రాంక్ ధనవంతుడు కాలేదు. తన ముందు సోఫా మీద పడుకున్న కుర్రాడు స్టార్ అయ్యాడు, ఆయన కాలేదు. 'పీటర్, పాల్ అండ్ మేరీ' అనే బృందాన్ని తయారు చేస్తున్నప్పుడు ఆయన పేరూ పరిశీలనకొచ్చింది. చేరలేదు. ఆ బృందం కోట్లు సంపాదించింది. ఈయన పాడుకుంటూ, ఇంట్లో శిష్యులకి గిటార్ నేర్పుకుంటూ బతికారు. అలా నేర్చుకున్నవాళ్లలో తర్వాత పేరు తెచ్చుకున్న క్రిస్టీన్ లావిన్ లాంటి గాయనులున్నారు. ఆయన జ్ఞాపకాల పుస్తకం 2005లో, ఆయన పోయాక వచ్చింది. దాని స్ఫూర్తితో కోయెన్ సోదరులు 2013లో 'ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్' సినిమా తీశారు. 2004లో ఆయన నివసించిన పేటలోనే ఒక వీధికి ఆయన పేరు పెట్టారు.

"ఇల్లు గడవాలి సర్, అప్పు తీర్చాలి, వీధికి పేరు పెడితే ఏం లాభం?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. నేనూ అప్పు చేసి చదువుకున్నవాణ్నే. అందుకే హాబీ ఉంటే ఉద్యోగం వస్తుందని మీకు మాటివ్వను. రాదు. ముందు ఎడమచెయ్యి నిలకడగా ఉండాలి. సబ్జెక్టు బేసిక్స్, ఆప్టిట్యూడ్, నాలుగు వాక్యాలు తడబడకుండా మాట్లాడటం, ఇవన్నీ ఎడమచేతి పనులు. అవి లేకుండా కుడిచేతి అల్లరి ఎవరికీ అక్కర్లేదు.

కానీ ఎడమచెయ్యి ఒక్కటే ఉంటే? వందమంది రెజ్యుమెలు ఒకేలా మోగుతాయి. అవే ఆన్‌లైన్ కోర్సులు, అవే సర్టిఫికెట్లు. పదిహేను సర్టిఫికెట్లు ఉన్నవాణ్ని "వీటిలో ఒకదాని గురించి పది నిమిషాలు చెప్పు" అంటే నేల చూపులు చూసిన సందర్భాలు నాకు బోలెడు గుర్తున్నాయి. నా అభిప్రాయం ఇది: పైపైన పదిహేను నేర్చుకునే బదులు, ఇష్టమైనది ఒక్కటి లోతుగా నేర్చుకోండి. తర్వాత దాన్ని మీ పనిలోకి తీసుకురండి.

ఎలా అంటారా? ఈ రాత్రి కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. ఎవరూ మార్కులు వెయ్యకపోయినా నేను చేసే పని ఏది? అందులో నాకు ఎదురైన చిక్కు ఏది, దాన్ని ఎలా విప్పాను? ఆ విప్పిన తీరు నా సబ్జెక్టులో ఎక్కడ పనికొస్తుంది? నాన్న కిరాణా కొట్లో లెక్కలు చూసేవాళ్లు, కోలాటం జట్టుని నడిపేవాళ్లు, ఊళ్లో టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లు... మీ మెడలోనూ ఒక పియానో ఉంది. దాన్ని దాచిపెట్టి 'పాటలు వినడం' అని రాయకండి.

ఇంతకీ ఆ కీబోర్డు అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. కీబోర్డు వల్ల కాదు, ఇచ్చిన ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా రాసినందుకు. కానీ ఆ రోజు చూసిన నలభై మందిలో ఇప్పటికీ పేరుతో సహా నాకు గుర్తున్నది ఆమె ఒక్కతే. వెళ్లేటప్పుడు ఒకటే చెప్పాను, ఆ గడిలో ఉన్నది కొట్టేసి అసలు సంగతి రాయమ్మా అని.

మీరూ రాయండి.