దాగని మచ్చ – దాచిన మాట

వియ్యమందబోయే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్నది మన పెద్దల మాట. ఆ చూపు వంశప్రతిష్ఠతోనో, ఖాందాను గౌరవంతోనో ఆగదు. పిల్ల చర్మం మీది తెల్లమచ్చ దాకా సాగుతుంది. ఆ మచ్చను తెలుగు ఇళ్ళలో బొల్లి అంటారు, ఉర్దూ ఇళ్ళలో బరస్ అంటారు. పేరు వేరే గాని, దానిని చూచి ముఖం తిప్పుకొనే తీరులో ఇరువురికీ భేదం లేదు. మచ్చ ఉన్న పిల్లకే కాక, ఆమె అక్కచెల్లెళ్ళకు సైతం సంబంధాలు తప్పిపోవటం మనం ఎరిగినదే. అందువలన ఆ ఇంటివారు మాట దాచుతారు. ఈ దాపరికం వలన కలిగే కీడును గురించి, దానికి కారకులెవరన్న విషయం గురించి నాలుగు మాటలు విన్నవించుకొనటమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా వ్యాధి స్వరూపం తెలుసుకొందాం. రోగక్రిములను పట్టి చంపే రక్షణ వ్యవస్థ ఒకటి మన దేహంలో కలదు. కంచే చేను మేసినట్లు, ఒక్కొక్కప్పుడు ఆ రక్షకదళమే సొంత అవయవాలపై తిరుగబడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలను అది నాశనం చేస్తే బొల్లి వస్తుంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తే హషిమోటో వ్యాధి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపితే తరచు చిన్న వయసులోనే బయటపడే మొదటి రకపు మధుమేహం కలుగుతాయి. హషిమోటో అనే జపాన్ వైద్యుడు ఆ గ్రంథి వ్యాధిని 1912లో వర్ణించాడు. ఆ రోగుల రక్తంలో తమ గ్రంథికే శత్రువులైన పదార్థాలు ఉన్నాయని 1956లో లండన్ పరిశోధకులు రాయిట్, డోనియాక్ ప్రభృతులు కనుగొన్నారు.

ఇవి అంటువ్యాధులు కావు. బొల్లికి శ్వేతకుష్ఠమన్న పాత పేరు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. కుష్ఠు ఒక సూక్ష్మక్రిమి వలన కలిగే వ్యాధి; బొల్లికి ఆ క్రిమితో సంబంధమే లేదు.

మరి ఇది వంశంలో వచ్చేదేనా? ఈ ప్రశ్నకు అంకెలే సమాధానం చెప్పాలి. లోకంలో సుమారు నూటికి ఒకరికి, లేదా అంతకంటె తక్కువ మందికి బొల్లి ఉంటుంది. 2003లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో రోగుల తోబుట్టువులలో నూటికి ఆరుగురికి ఆ వ్యాధి కనిపించింది. ఇది ఎక్కువే, కాని తక్కిన 94 మందికి రాలేదన్న మాట కూడ అంతే సత్యం. ఒకే అండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి బొల్లి ఉంటే, రెండవవారికీ ఉన్నది నూటికి 23 జంటలలోనే. జన్యువులు ఒక్కటే అయినవారి సంగతే ఇట్లా ఉండగా, అక్కకు మచ్చ ఉన్నదని చెల్లెలిని నిరాకరించటం ఏ న్యాయం? వంశం ఇచ్చేది ఒక మొగ్గు మాత్రమే. అది తీర్పు కాజాలదు.

అట్లాగని వంశచరిత్రను మరచిపొమ్మని నా అభిప్రాయం కాదు. అదే పరిశీలనలో బొల్లి ఉన్నవారిలో నూటికి 17 మందికి థైరాయిడ్ వ్యాధి కూడ ఉన్నట్లు తేలింది. వారి రక్తబంధువులలో సైతం ఆ వ్యాధి అధికంగానే కనిపించింది. మేనత్తకు బొల్లి, మేనకోడలికి థైరాయిడ్, ఆమె కుమారునికి మధుమేహం – చూపుకు మూడు వ్యాధులైనా వేరు ఒక్కటే కావచ్చు. థైరాయిడ్ లోపించిన కోడలు నీరసంతో కూలబడితే అత్తవారింట అది సోమరితనమనిపించుకొంటుంది. గర్భిణిలో ఆ లోపాన్ని ఉపేక్షిస్తే తల్లికీ బిడ్డకూ హాని. ఒక్క రక్తపరీక్షతో బయటపడి, రోజుకొక మాత్రతో అదుపులో ఉండే వ్యాధి ఇది. కాని "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా?" అని వైద్యుడు అడిగినప్పుడు ఆమె ఏమి చెప్పగలదు? పుట్టింట ఆ మాట ఆమె చెవిని పడనే లేదు; పడినా, ఎవరితోనూ అనవద్దని ఒట్టు వేయించుకొన్నారు.

నిజం దాచి పెళ్ళి చేయటం మోసం కాదా అని కొందరు అడుగుతారు. మోసమే. కాని నిజం చెప్పినవారికి శిక్ష, దాచినవారికి పెళ్ళి – ఇదే మన రివాజు అయినప్పుడు, దాచినవారిని మాత్రమే దోషులనటం అన్యాయం. కనుక మార్పు అడిగేవారి వైపు నుండి, ముఖ్యంగా వరుల వైపు నుండి మొదలు కావాలి. బొల్లి స్త్రీ పురుషులకు ఇంచుమించు సమానంగానే వస్తుంది. అపవాదు మాత్రం స్త్రీకే అధికం. ఈ కారణం చేత సంబంధం వదులుకోనని యువకుడు ఇంట్లో ముందుగా చెప్పగలిగితే, అవతలి ఇంటివారికి నోరు విప్పే ధైర్యం కలుగుతుంది.

చికిత్స లేదన్న నిరాశకూ తావు లేదు. పూర్తిగా నయమవుతుందని అందరికీ మాట ఇవ్వలేకపోయినా, ఔషధాలతో, కాంతిచికిత్సతో పలువురికి రంగు తిరిగి వస్తున్నది. మన హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ చర్మవ్యాధుల జాతీయ పరిశోధన సంస్థ ఈ చికిత్సకు పేరు పొందినది. రక్షణ వ్యవస్థ దాడిని నిగ్రహించే లేపనానికి అమెరికాలో 2022లో అనుమతి లభించింది.

విద్యార్థి సోదరులకూ, సోదరీమణులకూ నా మనవి ఒక్కటే. ఈ సెలవులలో నానమ్మ, అమ్మమ్మల వద్ద కూర్చొని, మూడు తరాలలో ఎవరికి ఏ వ్యాధి, ఏ వయసున వచ్చినదో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకోండి. అది పెళ్ళిళ్ళ పేరయ్య కోసం కాదు, వైద్యుని కోసం. కళాశాల కార్యవర్గం వారు ఏటా ఒక రోజున చర్మవైద్యునీ, గ్రంథివ్యాధుల నిపుణునీ పిలిపించి ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలో ఉపన్యాసాలు ఏర్పాటు చేయవలెనని ప్రార్థన. ఆ సభకు తల్లులను కూడ ఆహ్వానించితే ప్రయోజనం రెట్టింపవుతుంది.