అద్దాల మేడల కింద మన ఊర్లు

శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. వీపున సంచులు తగిలించుకున్న పిల్లలు ప్రైవేటు బస్సుల కోసం గుంపులు గుంపులుగా ఎదురుచూస్తుంటారు. ఒక బస్సు కూర్గుకు, ఒకటి ఊటీకి, ఒకటి హంపికి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని అలసిన కళ్లకు రెండు రోజులు కొండలు కావాలి. చప్పుడు లేని ఊరు కావాలి. పాత గుడి మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకోవాలి. అందులో తప్పేమీ లేదు. వాళ్లు మన పిల్లలే.

కానీ ఒక్క మాట అడగాలి. హంపిలో వాళ్లు ఫొటోలు దిగే రాళ్లగుట్టలకూ, వాళ్ల ఆఫీసు పునాది కోసం పేల్చేసిన గుట్టలకూ తేడా ఏమిటి? రెండూ దక్కన్ గ్రానైటే. రెండూ ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాల నాటివే. ఎండకు పగిలి, వానకు నున్నబడి, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచినవే. హంపి 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మాదాపూర్ గుట్టలు కంకరయ్యాయి. అక్కడ రాయి చరిత్ర అయింది. ఇక్కడ రాయి అడ్డమైంది. అంతే తేడా.

అందుకే మేము ఊటీ బస్సు ఎక్కలేదు. ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి ఈ ఐటీ కారిడార్‌లోనే తిరిగాం. మిగిలిన గుట్టలు, మిగిలిన ఊర్లు, మిగిలిన గుళ్లు, దర్గాలు వెతుక్కుంటూ పోయాం. చూసింది పాఠకుల ముందు పెడుతున్నాం. ఇది విహారయాత్ర ముచ్చట కాదు. హైదరాబాద్ ఎవరిది అన్న పాత ప్రశ్నకు సంబంధించిన ముచ్చట.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దానితోపాటు ఒక కథ కూడా మొదలైంది. రాళ్లు రప్పలు తప్ప ఏమీ లేని చోట మేమే నగరం కట్టాం అన్న కథ. 2014 జూన్ 2 దాకా ఆ కథనే మన మీద ఆయుధంగా వాడారు. హైదరాబాద్‌ను వదిలేసి మిగతా తెలంగాణ తీసుకోండి అన్నారు. కేంద్రపాలిత ప్రాంతం చేయాలన్నారు. పదేళ్ల ఉమ్మడి రాజధాని కూడా ఆ కథ పుణ్యమే.

ఏమీ లేదా? మరి ఈ పేర్లు ఎక్కడివి? మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట, గోపన్‌పల్లి. ఏ రియల్ ఎస్టేట్ కంపెనీ పెట్టిన పేర్లివి? గచ్చిబౌలి అంటే గచ్చుతో కట్టిన బావి. బావి ఉందంటే తాగిన మనుషులు ఉన్నట్టే. రాయదుర్గం భూములకు రెవెన్యూ రికార్డుల్లో పన్ మక్తా అని ఒక పేరు, నవ్ ఖల్సా అని ఇంకో పేరు. మక్తాకు ఒక శిస్తు లెక్క, ఖల్సాకు ఇంకో లెక్క. లెక్కలున్న చోట రైతు ఉన్నాడు, పశువు ఉంది, పంట ఉంది. ఏమీ లేని జాగకు ఎవరైనా శిస్తు రాస్తారా?

మా నడక దుర్గం చెరువు దగ్గర మొదలైంది. 2020 సెప్టెంబర్‌లో తీగల వంతెన తెరిచాక సాయంత్రం అక్కడ సెల్ఫీల జాతర. ఆ వంతెన మీద నిలబడ్డవాళ్లలో ఎందరికి తెలుసు, ఈ చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిందని? చుట్టూ గుట్టలు కమ్ముకుని బయటివాళ్ల కంటికి కనబడకుండా ఉండేది కాబట్టే దీన్ని రహస్యపు చెరువు అన్నారు. ఈరోజు దాచుకోవడానికి గుట్టల్లేవు. కుతుబ్‌షాహీలు నాలుగు వందల ఏళ్ల కింద నీటికి రక్షణగా చూసిన రాయిని, మన కాలం ఇరవై ఐదేళ్లలో తవ్వి లారీలకెత్తింది.

అక్కడి నుంచి రాయదుర్గం మీదుగా ఖాజాగూడ చేరాం. ట్రాఫిక్ దాటి గుట్ట ఎక్కిన పది నిమిషాలకే చప్పుడు తగ్గుతుంది. ఒకవైపు అనంతపద్మనాభస్వామి గుడి. ఇంకోవైపు బహమనీల కాలం నాటి సూఫీ బాబా ఫక్రుద్దీన్ దర్గా. అందుకే దీన్ని ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. బండల నడుమ మెహెర్ బాబా పేరుతో ఒక గుహ. ఒకే గుట్ట మీద విష్ణువు, సూఫీ, సాధువు. గంగా జమునా తెహజీబ్ అని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అది ఎట్లుంటుందో చూడాలంటే సభకు పోనక్కరలేదు, ఈ గుట్ట ఎక్కితే చాలు. పైన నిలబడి చుట్టూ చూస్తే నాలుగు దిక్కులా అద్దాల మేడలు, క్రేన్లు. దీవిలో నిలబడ్డట్టే ఉంటుంది.

గుట్ట దిగి మణికొండ వైపు నడిస్తే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టించిన మనిషి ఈయనే. నగరానికి చెరువునిచ్చిన మహానుభావుడి సమాధి చుట్టూ ఈరోజు బహుళ అంతస్తుల నీడ. ఈ దర్గాకు చెందినవంటూ 1654 ఎకరాల 32 గుంటల మీద వక్ఫ్ బోర్డుకూ ప్రభుత్వానికీ ఏళ్ల తరబడి కోర్టుల్లో వివాదం నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదే అని తేల్చింది. తీర్పు తీర్పే. కానీ ప్రభుత్వం అంటే ఎవరు? ప్రజలే అయితే, ఆ ఎకరాల్లో ప్రజలకు మిగిలిన జాగ ఎంత? బడి ఎక్కడ, దవాఖాన ఎక్కడ, పిల్లలు ఆడుకునే మైదానం ఎక్కడ?

నానక్‌రాంగూడలో పాత రంగనాథస్వామి గుడి ఇంకా నిలిచే ఉంది. ఆ ప్రాకారం లోపల కూర్చుంటే ఇది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కన ఉన్న గుడి అంటే ఎవరూ నమ్మరు. బయటికొస్తే సెక్యూరిటీ యూనిఫాంలో నిలబడ్డ పెద్దమనుషులు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని షిఫ్టుకు పోతున్న ఆడవాళ్లు. ఈ మేడలకు తట్టలు మోసింది పాలమూరు లేబర్. రాయి కొట్టింది వడ్డెరలు. మేమే కట్టాం అన్న కథలో వీళ్ల పేరు ఒక్కసారైనా వినబడిందా?

ఇక హైదరాబాద్ విశ్వవిద్యాలయం. విద్యార్థి మిత్రులు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. 1969లో 369 మంది బలయ్యారని ఉద్యమం లెక్క చెబుతుంది. 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరగకుండానే 1973లో ఆరు సూత్రాల పథకం పెట్టి ఆ ముల్కీని పాతరేశారు. చేతిలో పెట్టింది ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో అది మొదలైంది. రెండు వేల ఎకరాలకు పైబడిన జాగ దానికిచ్చారు. అంటే ఆ క్యాంపస్‌లోని ప్రతి బండకూ మన ఉద్యమ చరిత్రతో సంబంధం ఉంది. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన మష్రూమ్ రాక్ మన పిల్లలకు క్లాసురూం తర్వాత క్లాసురూం. నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగే అడవి అది.

ఆ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న 400 ఎకరాల పేరు కంచ గచ్చిబౌలి. కంచ అంటే తెలంగాణ పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. పశువులు మేసే జాగ. ఊరందరిదీ. 2003-04లో సీమాంధ్ర పాలకులు దాన్ని ఒక క్రీడా సంస్థకు కట్టబెట్టారు. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కేసు 2024 దాకా సాగి చివరికి ప్రభుత్వమే గెలిచింది. గెలిచిన మన ప్రభుత్వం ఏం చేసింది? 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, పోలీసు పహారాలో బుల్డోజర్లు పంపింది. అడ్డుపడిన విద్యార్థులను వ్యాన్లకెక్కించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే తప్ప యంత్రాలు ఆగలేదు. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని కోర్టు ముందుకు నివేదిక వచ్చింది.

ఇక్కడ మనం మనల్నే నిలదీసుకోవాలి. వలస పాలకులు గుట్ట తవ్వితే దోపిడీ అన్నాం. మనవాళ్లు తవ్వితే అభివృద్ధి అనాలా? 2006లో కోకాపేటలో ఎకరం 14 కోట్లు దాటి వేలం పోతే, తెలంగాణ భూములు అమ్ముకుంటున్నారని రోడ్డెక్కాం. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికితే తెలంగాణ ఘనత అని ఫ్లెక్సీలు కట్టాం. కొలబద్ద ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు? ఒక పార్టీని అనడం లేదు. రాష్ట్రం వచ్చాక ఏలిన రెండు పార్టీలదీ ఒకటే దారి.

కోకాపేట దాటి గండిపేట కట్ట మీదికి చేరేసరికి పొద్దు వాలుతోంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచేశాక, మళ్లీ అంత గోస రావద్దని 1920 నాటికి కట్టిన చెరువు ఇది. దానికీ హిమాయత్‌సాగర్‌కూ నీళ్లు చేరే దారులు మూసుకుపోకుండా 1996 మార్చి 8న 111 జీవో తెచ్చారు. 84 ఊర్లు ఆ రక్షణ కిందికొచ్చాయి. ఆ జీవో వల్ల భూమి ధర పెరగక రైతులు నష్టపోయారన్నది నిజం. వాళ్లకు పరిహారం ఇవ్వాల్సింది. ఇవ్వకుండా 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలే ఎత్తేశారు. రైతు కష్టాన్ని ముందు పెట్టి రియల్టర్‌కు గేటు తీయడం పాత పాలకుల దగ్గర నేర్చిన విద్యే కదా?

చివరగా చిలుకూరు. వీసా బాలాజీ అని దేశమంతా తెలిసిన గుడి. 11 ప్రదక్షిణలతో మొక్కు, కోరిక తీరాక 108. అమెరికా కలలు మోసుకొచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలే ఎక్కువ. ఈ గుడికి హుండీ లేదు. వీఐపీ దర్శనం లేదు. కలెక్టరైనా కూలీ అయినా ఒకటే వరుస. కోట్ల వేలాలు నడిచే కారిడార్ కొసన, పైసా అడగని దేవుడు కూర్చున్నాడు. ఆయన ముందు తిరిగేవాళ్లకు ఆ మాట అర్థమైతే ఎంత బాగుండు! గుడి నుంచి బీజాపూర్ రోడ్డెక్కితే ఇరువైపులా చేవెళ్ల మర్రిచెట్లు. 900కు పైగా ఉన్న ఆ చెట్లను రోడ్డు వెడల్పు పేరుతో కొట్టేస్తామంటే ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడారు.

ఒక్క రోజు తిరుగుడులో ఇన్ని చూశాం. అభివృద్ధి వద్దని మేము అనడం లేదు. మన పిల్లలకు కొలువులు కావాలి. కానీ గుట్టను తవ్వితేనే కొలువు వస్తుందన్నది అబద్ధం. రాతిని రాతిగానే ఉంచి పక్కన కట్టుకోవచ్చని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ చెబుతూనే ఉంది. చెవిన పెట్టినవాళ్లే తక్కువ.

మా డిమాండ్లు మూడు. ఒకటి, ఈ కారిడార్‌లో మిగిలిన ప్రతి గుట్టా, కుంటా, కంచా, గుడీ, దర్గా, ఆషుర్‌ఖానా లెక్క తీసి పటంతో సహా ప్రజల ముందు పెట్టాలి. రెండు, ఆ లెక్క తేలేదాకా ఒక్క ఎకరం కూడా వేలం వేయొద్దు. మూడు, కంచ గచ్చిబౌలిని వేలం పాటల పట్టిక నుంచి శాశ్వతంగా తీసేసి అడవిగా ప్రకటించాలి.

ఇది ప్రభుత్వం ఒక్కదాని పని కాదు. విద్యార్థి మిత్రులారా, వచ్చే ఆదివారం ఊటీ బస్సు ఒక్కసారి వదిలేయండి. ఖాజాగూడ గుట్ట ఎక్కండి. ఏ బండ ఎక్కడుందో, ఏ మైసమ్మ ఏ కట్ట మీదుందో రాసిపెట్టండి. ఉద్యోగ మిత్రులారా, సేత్వార్ ఎక్కడుందో, పాత పహాణీలో ఏముందో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సకలజనుల సమ్మెలో 2011లో 42 రోజులు జీతం వదులుకున్న చేతులు మీవి. సమాచార హక్కు చట్టం కింద అడిగినవాడికి దాచకుండా చూపించండి.

హైదరాబాద్ మాది అని అప్పుడు గొంతు చించుకుని అరిచాం. మాది అన్నవాడికి కాపలా బాధ్యత కూడా ఉంటుంది. గుట్ట పోయాక, కుంట పూడాక, ఊరి పేరు బస్టాపు బోర్డు మీద మాత్రమే మిగిలాక, దేన్ని చూపించి మాది అంటాం?

జై తెలంగాణ!